పనికిరాని ఖాతా

పొయ్యి మీద పాలు అంచుదాకా వచ్చిన సమయంలో మా మరిది ఫోన్ చేశాడు. హలో అనలేదు, ఏం చేస్తున్నావనలేదు.

"వదినా, కంప్యూటర్లో నువ్వేం కెలికావు?"

నేను పొయ్యి కట్టేశాను. ఆ కంప్యూటరు దగ్గరికి వెళ్ళి నెల దాటింది. ఇక వెళ్ళనక్కర్లేదని చెప్పిన మనిషే ఈ ప్రశ్న అడుగుతున్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"సర్వీసు లేవట్లేదు. రాత్రి కరెంటు పోయింది కదా, పొద్దున్న ఆన్ చేస్తే అన్నీ వచ్చాయి, అదొక్కటే రాలేదు. ఇప్పటిదాకా ఒక్క అద్దం కొయ్యలేదు. నువ్వేదో మార్చి ఉంటావు, వచ్చి చూడు."

మా మరిదికి అడగడం రాదు. చిన్నప్పటినుంచీ చెప్పడమే అలవాటు. పాలు దించి, గిన్నె మీద మూత పెట్టి, గుమ్మంలో చేతికందిన చెప్పులు కాళ్ళకు తగిలించుకుని బయల్దేరాను. ఒకటి నాది, ఒకటి మా అబ్బాయిది అని వీధి చివరికి వెళ్ళాక తెలిసింది. వెనక్కి తిరిగితే కోపం చల్లారిపోతుందేమోనని అలాగే నడిచాను.

మాది కళ్ళజోళ్ళ షాపు. మామగారు పెట్టింది. ముందు గదిలో మా ఆయన కళ్ళు పరీక్షించి ఫ్రేములు చూపిస్తారు. వెనక గదిలో అద్దాలు కోస్తాం. అద్దం అరిగిన పొడి నీళ్ళలో నాని, ఆ గదిలో ఎప్పుడూ తడి సున్నం లాంటి వాసన వేస్తుంటుంది. పెళ్ళైన కొత్తలో నాకది పడేది కాదు. తర్వాత్తర్వాత ఆ గదే నాదైంది. ఫ్రేము ఆకారం కొలిచే మిషను ఒక పక్క, ఆ ఆకారానికి అద్దం కోసే మిషను ఇంకో పక్క, మధ్యలో కంప్యూటరు. మొదటి మిషను కొలిచింది రెండో మిషనుకు చేరవెయ్యడానికి కంప్యూటర్లో ఒక ప్రోగ్రాము ఉంది. దాన్నే సర్వీసు అంటారు. అది తెర మీద కనిపించదు. కంప్యూటరు లేచినప్పుడు తనూ లేచి, వెనకాల తన పని తను చేసుకుపోతుంది. అది లేకపోతే ఆ రెండు మిషన్లూ ఎడమొహం పెడమొహంగా ఉన్న తోడికోడళ్ళే.

ఆ గదిని చాలా ఏళ్ళు నేనే నడిపాను. పోయిన నెలలో మా మరిది ఆన్‌లైన్లో కంప్యూటర్ భద్రత మీద ఏదో కోర్సు చేసి, సర్టిఫికెట్టుకు పటం కట్టించి గోడకు తగిలించాడు. మేకు కొట్టిన చేత్తోనే, "వదినా, నువ్వింక కష్టపడకు. ఇదంతా నేను ప్రొఫెషనల్‌గా చూసుకుంటా" అన్నాడు. ఇంట్లో అందరూ వాడి మంచితనానికి మురిసిపోయారు. "నీకూ కాస్త విశ్రాంతి" అన్నారు మా ఆయన. అలిసిపోయానని నేను ఎవరితోనూ అనలేదు. అలిసిపోయావా అని ఎవరూ అడగనూ లేదు.

షాపు ముందు గదిలో బెంచీ మీద ఒక బస్సు డ్రైవరు కూర్చుని ఉన్నాడు. రిటైరవడానికి దగ్గర్లో ఉన్న మనిషి. నన్ను గుర్తుపట్టడానికి కళ్ళు చికిలించి, మెడ ముందుకు చాచి, చివరికి నేను పలకరించాక గొంతు విని గుర్తుపట్టాడు.

"మీరా అమ్మగారూ. మీరొచ్చారంటే ఇంక పనైనట్టే."

"మీ కళ్ళజోడేదీ?"

"మనవరాలు కూర్చుంది దాని మీద. ఫ్రేము బతికింది, అద్దాలు పోయాయి. లోపలే ఉందండీ ఫ్రేము." మోకాళ్ళ మీద అరచేతులు రుద్దుకున్నాడు. "రేపు పొద్దున్నే, బండ్లు బయల్దేరకముందు, డిపోలో కంటి పరీక్షండీ. పోయినవారం కళ్ళజోడు లేకుండా వెళ్తే ఫెయిలన్నారు. రేపే ఆఖరు. రేపూ ఫెయిలైతే స్టీరింగు తీసేసుకుని బస్సులు కడిగే షెడ్డులో పడేస్తారట. ఇన్నేళ్ళు నడిపిన బండిని చీపురుతో తోమాలి."

ఆయన అద్దాలు మామూలువి కావు. ఒక కంటికి పవరు మరీ ఎక్కువ. ప్రత్యేకంగా చెప్పి చేయించినవి, నిన్ననే వచ్చాయి. మళ్ళీ ఒక జత కావాలంటే వారం పడుతుంది. ఉన్నది ఒక్క జత, దాన్ని ఇవాళే కొయ్యాలి, తప్పు పోకుండా కొయ్యాలి.

మా ఆయన నన్ను చూసి, "వాడేదో కంగారులో అన్నాడు, పట్టించుకోకు. చిన్నవాడు" అన్నారు.

ఆ చిన్నవాడికి ముప్పై ఆరేళ్ళు.

వెనక గదిలో మరిది నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మూలన మామగారు పేము కుర్చీలో ఉన్నారు. ఆయనకు చూపు బాగా తగ్గింది, ఏ అద్దానికీ లొంగని రకం. అయినా రోజూ వచ్చి ఆ మూలనే కూర్చుని మిషన్ల చప్పుడు వింటారు. ఇవాళ వినడానికేమీ లేదు.

"అమ్మాయ్, వచ్చావా" అన్నారు.

"వచ్చాను మామయ్యగారూ."

మరిది తెర మీదున్న దాన్ని మూసేసి, "ముందు నన్ను లాగిన్ అవనీ" అని చేతులు కీబోర్డు మీద పెట్టి ఆగాడు. "వదినా, కాస్త అటు తిరుగు. పాస్‌వర్డు కొడుతున్నా."

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆ కంప్యూటరు కొన్నది నేను. అట్టపెట్టె విప్పి తీగలు తగిలించింది నేను. దాని మీద దుమ్ము తుడిచింది నేను. తలుపు సందులోంచి డ్రైవరు ఇటే చూస్తున్నాడు. ఆయనకు మసగ్గా కనిపించి ఉంటుంది, అదొక్కటే నాకు దక్కిన మర్యాద. నేను గోడవైపు తిరిగాను. కళ్ళకెదురుగా మా మరిది సర్టిఫికెట్టు. మొత్తం చదివాను. అందులో ఒక తప్పు కూడా పట్టుకున్నాను.

"ఆ, అయింది. చూడు" అన్నాడు.

సర్వీసు పేరు మీద నొక్కాడు. తెర మధ్యలో ఒక పెట్టె వచ్చింది. చప్పున మూసేశాడు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ మూసేశాడు, దోమను కొట్టినట్టు.

"చూశావా? పొద్దున్నించీ ఇదే."

"అందులో ఏం రాసుంది?"

"ఎర్రర్ వదినా."

"ఎర్రరని నాకూ తెలుసు. ఏం రాసుంది?"

"ఏదో ఉంది. అన్నీ ఒకటే. మూడుసార్లు రీస్టార్ట్ చేశా, తీగలు పీకి పెట్టా, యాంటీవైరస్ తీసేశా."

"చదివావా?"

"చదవడానికి అదేమైనా నవలా?"

"ఒరేయ్," అన్నారు మూలనుంచి మామగారు, "నాకు కళ్ళు కనబడక చదవను. నీకేమొచ్చింది?"

నేను ఇంకోసారి నొక్కమన్నాను. పెట్టె వచ్చింది. ఈసారి వాడి చెయ్యి మౌసు మీదికి వెళ్ళకముందే, "చెయ్యి తియ్యి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వాడు చెయ్యి తీశాడు. లాగాన్ ఫెయిల్యూర్ వల్ల సర్వీసు మొదలు కాలేదని అందులో స్పష్టంగా రాసి ఉంది. అంటే ప్రోగ్రాము చెడిపోలేదు, మిషన్లు చెడిపోలేదు. ఆ సర్వీసు లోపలికి రావడానికి ఒక పేరు చెబుతోంది. కంప్యూటరు నువ్వెవరో నాకు తెలియదు పొమ్మంటోంది.

"అదంతా ఎందుకు వదినా. కంపెనీ వాళ్ళకి ఫోన్ చేశా. మొత్తం తీసేసి మళ్ళీ వేస్తే సరిపోతుందన్నారు. మొదలుపెట్టి వదిలేస్తా, రేపు మధ్యాహ్నం ఇంజనీరొచ్చి మిషన్లు కలుపుతాడు."

"రేపు మధ్యాహ్నమా? బయట కూర్చున్నాయన పరీక్ష రేపు పొద్దున్న."

"ఏం చేస్తాం. టెక్నికల్ ప్రాబ్లం అని చెబుదాం."

"ఎవరు చెబుతారు? నువ్వెళ్ళి చెప్పు. షెడ్డులో చీపురు పట్టుకోమని నువ్వే చెప్పు. నేనిక్కణ్ణించి వింటాను."

మా ఆయన గుమ్మంలోకి వచ్చారు. "గట్టిగా మాట్లాడకండి, కస్టమర్లున్నారు. ముందు పని కానివ్వండి, మాటలు తర్వాత."

"పనున్నప్పుడు మాటలొద్దంటారు. పని లేనప్పుడు ఇప్పుడెందుకా మాటలంటారు. మీకెప్పుడు వీలవుతుందో చెప్పండి, అప్పుడే మాట్లాడతాను."

ఆయన చేతిలో ఉన్న ఫ్రేమును తుడుచుకుంటూ ముందు గదిలోకి వెళ్ళిపోయారు. ఆ ఫ్రేము అప్పటికే శుభ్రంగా ఉంది.

"లే" అన్నాను మరిదితో. లేచాడు.

సర్వీసు వివరాలు తెరిచాను. ఎవరి పేరుతో నడవాలి అనే చోట నా పేరుంది. నేను పెట్టిందే. ఆ ప్రోగ్రాము వేసిన రోజున తెర ఆ ప్రశ్న అడిగింది. కంప్యూటరు సొంత పేరుతో నడవమనడం అందరూ చేసే పని. కానీ మా షాపులో మామగారి కట్టడి ఒకటుంది. చేసినవాళ్ళ పేరు చేసినదాని మీద ఉండాలి. కోసిన ప్రతి కళ్ళజోడు డబ్బాలో కోసినవాళ్ళ గుర్తు వేసిన చీటీ పెడతాం. మిషను బాగుచేస్తే బాగుచేసిన వాళ్ళ పేరు టేపు మీద రాసి అంటిస్తాం. పేరు పెట్టుకోలేని పని చెయ్యకండి అంటారాయన. నేను వేసిన సర్వీసు కాబట్టి నా పేరు ఇచ్చాను. షాపు లెక్కలో అది ఒప్పు. కంప్యూటరు లెక్కలో తప్పని ఆ రోజు నాకు తట్టలేదు.

పాస్‌వర్డు ఎవరైనా మార్చారేమో అనుకున్నాను. నా పాత పాస్‌వర్డు మళ్ళీ కొట్టాను. మరిదిని అటు తిరగమనలేదు. అయినా ఒప్పుకోలేదు. అలాంటి పేరుగల వాళ్ళెవరూ లేరంది.

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. తర్వాత ఖాతాల జాబితా తెరిచాను. అందులో మామగారి ఖాతా ఉంది. మరిది ఖాతా ఉంది, అడ్మిన్ అని పక్కన బిరుదుతో సహా. నేను లేను.

"నా ఖాతా ఏదీ?"

మరిది మెడ గోక్కున్నాడు. "అది... క్లీన్ చేశా వదినా. కోర్సులో చెప్పారు. పనికిరాని ఖాతాలుంటే తీసెయ్యమని. లేకపోతే వాటిలోంచి దొంగలొస్తారట."

"పనికిరాని ఖాతా."

"అంటే నీ గురించి కాదు. ఖాతా గురించి."

"ఎప్పుడు తీశావు?"

"పోయినవారం. తీశాక కూడా బాగానే నడిచింది కదా. అందుకే దీనికీ దానికీ సంబంధం లేదు."

సంబంధం లేకపోవడమేమిటి. అప్పటికే లోపలికొచ్చి పనిలో ఉంది కనుక, వాడు పేరు చెరిపేసినా అది పని చేస్తూనే ఉంది. వారం పాటు, లేని మనిషి పేరు మీద, వీళ్ళ అద్దాలన్నీ కోయించింది. రాత్రి కరెంటు పోయి కంప్యూటరు ఆరిపోయాక, పొద్దున్న మళ్ళీ గుమ్మం దగ్గర పేరు చెప్పాల్సి వచ్చింది. అప్పుడు బయటపడింది.

ఇదంతా నేను గట్టిగానే చెప్పాను. ముందు గదిలో వినిపించాలనే చెప్పాను. మా మరిది గోడ మీది సర్టిఫికెట్టు చూస్తూ నిలబడ్డాడు.

"ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్ళను చూశాను," అన్నారు మామగారు. "ఏటి మధ్యలో తెప్ప మీద కూర్చుని తగలేసినవాణ్ణి ఇంట్లోనే చూస్తాననుకోలేదు. పైగా తడిసింది నీ వల్లేనని వదినకు ఫోన్ కూడానూ."

"నాన్నా, నేను కావాలని—"

"కావాలని చేస్తే తెలివైనవాడివనుకునేవాణ్ణి."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నవ్వితే వాడు తప్పించుకుంటాడు. నవ్వించి తప్పించుకోవడం వాడికి బాగా తెలుసు.

"సరే వదినా, తప్పయింది. ఇప్పుడు నా పేరు పెట్టెయ్, పాస్‌వర్డు నేను కొడతా."

"రేపు నువ్వింకో కోర్సు చేస్తే?"

ఎవరి పేరూ వద్దనుకుని, కంప్యూటరు సొంత పేరుతోనే నడవమని మార్చాను. నొక్కాను. పెట్టె రాలేదు. సర్వీసు నడుస్తోంది అని చిన్న అక్షరాలు వచ్చాయి. కోత మిషను మీద పచ్చదీపం వెలిగింది, పంపు లోపల నీళ్ళు గరగరమన్నాయి. మామగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"వచ్చింది" అన్నారు.

"అప్పుడే కాదు మామయ్యగారూ."

పేరు మారిందంటే ఆ పేరు మీద దాచుకున్నవీ పోయినట్టే. మా మిషను పాతది, చెప్పిన కొలతకంటే కొంచెం పెద్దగా కోస్తుంది. ఎంత తగ్గించాలో ఏళ్ళ తరబడి కోసి, చూసి, సర్ది పెట్టాను. ఆ సర్దుబాట్లన్నీ నా ఖాతాతో పాటు పోయాయి. ఇప్పుడు సర్వీసు లేచింది గానీ, కొత్త కాపురానికి వచ్చినట్టు ఈ ఇంటి సంగతేమీ తెలియకుండా లేచింది.

మరిది అప్పటికే డ్రైవరు అద్దాన్ని పొట్లం విప్పి మిషన్లో బిగించబోతున్నాడు.

"అది కింద పెట్టు."

"లేచింది కదా వదినా, ఆయన కూర్చుని ఉన్నాడు—"

"ఆ జత పాడైతే ఆయన రేపు ఏం పెట్టుకుని వెళ్తాడు, నీ సర్టిఫికెట్టా? కింద పెట్టు."

పనికిరాని అద్దాల డబ్బాలోంచి గీతలు పడ్డ అద్దం ఒకటి తీశాను. డ్రైవరు ఫ్రేమును మొదటి మిషన్లో పెట్టి కొలిపించాను. గీతలద్దాన్ని కోశాను. ఫ్రేముతో పాటు తీసుకెళ్ళి మామగారి చేతిలో పెట్టాను. ఆయన బొటనవేలితో అంచు చుట్టూ ఒకసారి తడిమి, ఫ్రేములో నొక్కి చూశారు.

"పెద్దది. ముక్కువైపు మరీ."

తగ్గించి ఇంకోటి కోశాను. ఆయన మళ్ళీ తడిమారు. "ఇంకొంచెం." మూడోది ఫ్రేములోకి టక్కున కూర్చుంది. ఆ చప్పుడు మా ఇద్దరికీ తెలుసు. ఆయన ఫ్రేము తిరిగి ఇచ్చేశారు.

అప్పుడు డ్రైవరు అద్దం బిగించాను. ఎక్కువ పవరున్నది ముందు. మిషను మూత వేసి దాని మీదే చెయ్యి ఆనించాను. ఇంతదాకా తెచ్చినవాడు నా వెనక నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. నీళ్ళ చప్పుడు, సానరాయి అద్దాన్ని తినే చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. మూత తెరిచాను. టక్కున కూర్చుంది. రెండోదీ కూర్చుంది.

మా ఆయన కళ్ళజోడును డ్రైవరుకు పెట్టి, చెవుల వెనక సర్ది, ఎదురుగా వీధిలోకి చూడమన్నారు. ఆయన చూశాడు. మెడ చాచలేదు, కళ్ళు చికిలించలేదు.

"అటువైపు మందుల షాపు. దాని పైన అద్దెకివ్వబడును అని చిన్న బోర్డు. ఫోన్ నంబరు కూడా చెప్పమంటారా?" నంబరు చదివాడు. మా ఆయన గుమ్మంలోకెళ్ళి సరిచూసుకుని తలూపారు. డ్రైవరు ఇటు తిరిగాడు. నన్ను పైనుంచి కిందదాకా చూశాడు.

"అమ్మగారూ, ఏమీ అనుకోకండి. మీ చెప్పులు రెండూ ఒక జతవి కావు."

అందరూ నా కాళ్ళకేసి చూశారు. వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఇద్దరు అన్నదమ్ముల మధ్య అదే కాళ్ళతో తిరుగుతున్నాను. కళ్ళు పరీక్షించే షాపులో ఆ సంగతి పట్టుకోవడానికి కళ్ళజోడు లేని మనిషి కళ్ళజోడు పెట్టుకోవాల్సి వచ్చింది.

"ఈయన రేపు పాసవుతాడు" అన్నాను.

డబ్బాలో పెట్టే చీటీ మీద నా గుర్తు వేశాను. నెల తర్వాత వేశాను. టేపు ముక్క చింపి కంప్యూటరు నెత్తిన అంటించి, కలం మరిది చేతికిచ్చాను.

"ఏం రాయాలి?"

"మీ నాన్న కట్టడి నాకంటే నీకే ముందు తెలుసు. ఆపినవాళ్ళ పేరు, నడిపినవాళ్ళ పేరు."

రాశాడు. వాడి పేరు కాస్త చిన్నగా రాశాడు.

మర్నాడు పొద్దున్న బట్టలు ఆరేస్తుంటే మా వీధి మొగలో బస్సు హారన్ మోగింది. రెండు పొట్టివి, ఒక పొడుగుది. ఆ మలుపులో అలా మోగించాల్సిన అవసరం ఏ బస్సుకూ లేదు. మెట్ల మీదనుంచి చూసేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది, డ్రైవరు చెయ్యి మాత్రం కిటికీలోంచి కనిపించింది.

దాని వెనకే ఫోను మోగింది. మరిది.

"వదినా, నీ ఖాతా మళ్ళీ చేశా. నాతో సమానంగా, అడ్మిన్. షాపు తెరిచేటప్పటికి వస్తావా? రాగలవా?" ఆ రెండో మాట అనడానికి వాడికి కొంచెం టైము పట్టింది. "పాస్‌వర్డు ఏం పెట్టమంటావు? చెప్పు, నేను పెట్టేస్తా."

కోపం ఇంకా అలాగే ఉంది. తడి దుప్పటి చివర పట్టుకుని గట్టిగా పిండాను.

"నువ్వు పెట్టొద్దు. నేనొచ్చి పెట్టుకుంటాను," అన్నాను. "నువ్వు అటు తిరిగి నిలబడు."